మీ ప్రశ్న – నా జవాబు: పోస్టాఫీసుకు పోటీ వస్తే తప్పేంటి?

ప్రశ్న: మాది ఖమ్మం. ఇంట్లోనే చీరల వ్యాపారం చేస్తున్నాను. మొన్న పోస్టల్ యూనియన్ వాళ్లు వచ్చి ప్రైవేటీకరణ వద్దంటూ సంతకం అడిగారు. నా పార్సిళ్లన్నీ కొరియర్‌లోనే పంపుతాను, త్వరగా చేరతాయి. పోటీ ఉంటే పోస్టాఫీసు కూడా బాగుపడుతుంది కదండీ? 2018లో సమ్మె చేసి పల్లె జనాన్ని ఇబ్బంది పెట్టింది కూడా వీళ్లే. నేనెందుకు సంతకం పెట్టాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, నేను ఇరవై తొమ్మిదేళ్లు పల్లెలో బ్రాంచి పోస్టుమాస్టరుగా చేసి, అరవై అయిదేళ్లకు దిగిపోయినవాణ్ని. యూనియన్‌లో ఉన్నాను, ఆ సమ్మెలోనూ కూర్చున్నాను. ఇది ముందే చెప్పడం న్యాయం.

కొరియర్ త్వరగా వెళ్తుందన్నది నిజమే, హైదరాబాద్‌కో విజయవాడకో అయితే. అదే చీర మా ఊరి అవతలి గూడేనికి పంపి చూడండి. మా మేనకోడలి పెళ్లికి వచ్చిన పార్సిల్ మండల కేంద్రంలోనే ఆగిపోయింది. వచ్చి తీసుకెళ్లండని ఫోన్ చేశారు. పద్దెనిమిది కిలోమీటర్లు ఆటోలో వెళ్లి తెచ్చుకున్నాం. పోస్టుకార్డు మీద పక్క వీధి పేరు రాసినా కశ్మీర్ పేరు రాసినా అదే 50 పైసలు. పట్నంలో వచ్చే రాబడి గూడెం బీటుకు, అంటే పోస్ట్‌మ్యాన్ రోజూ తిరిగే దారికి, ఆసరా. అది చాలకపోతే ప్రభుత్వం కలుపుతుంది. పోటీకి వచ్చేవాడు ఆ గూడెం బీటు నాకివ్వమని ఎప్పుడూ అడగడు.

బ్రిటన్‌లో ఇది కళ్లారా చూశారు. 2006లో ఉత్తరాల మార్కెట్ అందరికీ తెరిచారు. 2013లో అక్కడి ప్రభుత్వ పోస్టు సంస్థ రాయల్ మెయిల్ షేర్లనే అమ్మకానికి పెట్టారు. అక్కడి యూనియన్ సీడబ్ల్యూయూ గట్టిగా ఎదిరించినా ఆగలేదు. విజిల్ అనే కంపెనీ లండన్, మాంచెస్టర్, లివర్‌పూల్ లాంటి చోట్ల ఇంటింటికీ ఉత్తరాలు పంచింది. పెట్టుబడి దొరక్క 2015లో ఆపేసింది. దాదాపు 2,000 మంది పని పోయింది. అన్నాళ్లూ స్కాట్లాండ్ దీవులకు ఉత్తరం మోసింది రాయల్ మెయిలే. డెన్మార్క్‌లో అయితే ప్రభుత్వ పోస్టు 2025 చివరితో ఉత్తరాల బట్వాడానే మానేసింది.

మన 1898 చట్టంలో ఉత్తరాలు మోసే హక్కు కేంద్రానిదే అని ఉండేది. కొరియర్లు ఎప్పట్నుంచో మోస్తూనే ఉన్నాయి, అయినా ఆ మాట ఉండేది. 2024 జూన్ 18 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త పోస్టాఫీసు చట్టంలో అది లేదు. ఇక పోయేది ఏ బీటో అని మావాళ్ల టెన్షన్. 2022 ఆగస్టు 10న దేశమంతా ఒకరోజు సమ్మె చేసింది ఈ ప్రైవేటీకరణ భయంతోనే. మీ చీరలు కొరియర్‌లోనే పంపుకోండి, తప్పేం లేదు. సంతకం మాత్రం ఆ గూడెం కోసం పెట్టమని అడుగుతున్నాను.

ఇక 2018 సంగతి. గ్రామీణ డాక్ సేవకులం మేము. కాగితం మీద రోజుకు నాలుగైదు గంటల పని, దిగిపోయాక నెలనెలా పింఛను లేదు. జీతాలు పెంచమని ప్రభుత్వం వేసిన కమలేశ్ చంద్ర కమిటీ 2016లోనే చెప్పినా ఏడాదిన్నర కదలిక లేదు. మే 22న కూర్చుంటే జూన్ 6న కేబినెట్ ఒప్పుకుంది. నాలుగు గంటల బ్రాంచి పోస్టుమాస్టరుకు నెల జీతం కనీసం 12,000 రూపాయలు అయింది.

ఇబ్బంది పడ్డారన్నారు, పడ్డారమ్మా. ఆసరా పింఛను మా చేతుల మీదుగానే వెళ్లేది. ఒక ముసలమ్మ రోజూ మా టెంటు దగ్గరికొచ్చి, "ఎప్పుడు తీస్తవు బిడ్డా ఆఫీసు?" అని అడిగి, కాసేపు వేపచెట్టు కింద కూర్చుని వెళ్లేది. ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ. ఆమె వెళ్లడానికి ఇంకో చోటు లేదు, వెయ్యి రూపాయలు చేతిలో పెట్టడానికి ఇంకెవరూ ఆ ఊరు రారు.

సమ్మె ముగిశాక, ఆఫీసు తెరవకముందే వేలిముద్ర యంత్రం పట్టుకుని ఆమె ఇంటికెళ్లాను. వేలి గీతలు అరిగిపోయి మూడుసార్లు ముద్ర పడలేదు. కొంగుతో వేలు తుడుచుకుని మళ్లీ పెట్టింది. నాలుగోసారి పడింది.