చదివినకొద్దీ తగ్గే నాయిస్

ప్రశ్న: జేమ్స్ వెబ్ టెలిస్కోప్ ఒక్క ఫొటో కోసం తన ఇన్‌ఫ్రారెడ్ డిటెక్టర్‌ను మళ్లీ మళ్లీ చదువుతుందట. చదివిన ప్రతిసారీ కొంత నాయిస్ (కొలతలో దొర్లే చిన్న తప్పు) చేరుతుంది కదా! చివర్లో ఒక్కసారి చదివితే సరిపోదా?
– ఒక పాఠకురాలు

జవాబు: సీసీడీ అనే రకం సెన్సర్ ఉన్న కెమెరా అయితే మీ మాటే నిజం. అందులో కాంతి పడి పిక్సెల్‌లో పోగైన ఎలక్ట్రాన్లను బయటికి తెచ్చి లెక్కిస్తారు, అంతటితో ఆ పిక్సెల్ ఖాళీ. వెబ్ డిటెక్టర్ అలా కాదు. కుళాయి కింద పెట్టిన కొలపాత్రలో నీళ్లు పారబోయకుండానే మట్టం ఎంతకు చేరిందో చూసినట్టు, ఎలక్ట్రాన్లను కదపకుండా వోల్టేజీ మాత్రం చూస్తుంది. ఒక్కో చూపులో తప్పు కాస్త ఎక్కువగానో తక్కువగానో ఉంటుంది. మొదట పదహారు, చివర పదహారు చూపుల సగటులు తీసి తేడా కడితే, ఒక్కొక్క చూపుతో కట్టినప్పటి తప్పు నాలుగో వంతుకు దిగుతుంది. చూపులన్నిటినీ వరసగా గీస్తే మట్టం పైకి వాలే గీత వస్తుంది. మధ్యలో కాస్మిక్ కిరణం (అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కణం) తగిలితే ఆ గీత ఒక్కసారిగా ఎగురుతుంది. ఆ ఎగురుడును పక్కనబెట్టి, ముందూ వెనకా ఉన్న వాలుతోనే కాంతిని లెక్కగడతారు. ఒక్కసారే చదివితే ఆ దెబ్బ కూడా నక్షత్రపు కాంతిలోనే కలిసిపోయేది!

అందరూ వెబ్ బంగారు అద్దాన్నే పొగుడుతారు. నా ఓటు మాత్రం 37 మిల్లీమీటర్ల ఈ డిటెక్టర్ పలకకే. పైన పాదరసం, కాడ్మియం, టెల్లూరియం కలిసిన పొర, కింద సిలికాన్ సర్క్యూట్, రెంటికీ మధ్య పిక్సెల్‌కొక ఇండియం బొడిపె. అలాంటివి 40 లక్షల పైచిలుకు! సిలికాన్ ఒక్కటే చాలదు, దాని చూపు సుమారు 1.1 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరంగదైర్ఘ్యం దగ్గరే ఆగిపోతుంది. ఈ పొర 5 మైక్రాన్ల దాకా చూస్తుంది గానీ, వెచ్చగా ఉంటే కాంతి లేకపోయినా ఎలక్ట్రాన్లు ఊడిపడతాయి. అందుకే దాదాపు మైనస్ 233 డిగ్రీల చలి.

ఇక మీ అనుమానం పూర్తిగా కొట్టిపారేసేది కాదు. సర్క్యూట్ మెల్లమెల్లగా ఒక పక్కకు జారితే, ఆ తప్పు సగటుకు లొంగదు. దానికోసం పలక నాలుగు అంచుల్లోనూ నాలుగేసి పిక్సెళ్ల వెడల్పున కాంతిని పట్టించుకోని రిఫరెన్స్ పిక్సెళ్లు ఉంచారు. అవి జారినంత మిగతావాటిలోంచి తీసేస్తారు. వర్ణపటాలు తీసే వెబ్ పరికరం నిర్‌స్పెక్‌లో ఇంకో అడుగు వేశారు: మామూలు పిక్సెళ్లను చదువుతూ మధ్యమధ్యలో వీటినీ చదివే పద్ధతి ఒకటి పెట్టారు.