సైటు మూతపడేలోపు మోడ్లు దాచుకోవడం: బాబాయి రాసిన ఉత్తరం

చిరంజీవికి ఆశీస్సులు.

క్రికెట్ 07 అన్న కంప్యూటర్ ఆటకు అభిమానులు చేసిన మార్పుల ఫైళ్లు, అంటే మోడ్లు, ఉండే సైటు మూసేస్తున్నారని, ఉన్నదంతా దాచాలని ఉందని రాశావు. మంచి పనే. కానీ "మొత్తం సైటును ఒకేసారి డౌన్‌లోడ్‌కి పెట్టేస్తా" అన్నావు చూడు, అక్కడే మొదటికి మోసం వస్తుంది. ఏది ముందు, ఏది తర్వాత అని తేల్చుకోవడమే ఇందులో సగం పని.

అసలు దేన్ని కాపాడాలో ఆలోచించు. ఆ ఆట వచ్చింది 2006లో. ఐపీఎల్ మొదలైంది 2008లో. అంటే ఆ ఆటలో డెక్కన్ ఛార్జర్స్ జెర్సీ కనిపించిందంటే అది ఆట తయారుచేసిన ఈఏ కంపెనీ వాళ్లు ఇచ్చింది కాదు, ఎవరో అభిమాని కూర్చుని గీసి, ఆ ఆట బొమ్మలు దాచుకునే ఎఫ్‌ఎస్‌హెచ్ ఫైలుగా మార్చి పెట్టింది. ఆ ఫైలొక్కటే చేతికొస్తే ఏం లాభం? అది ఏ ఫోల్డర్‌లోకి వెళ్లాలి, ఏ జట్టు స్థానంలో కూర్చుంటుంది, దానికంటే ముందు ఏ ప్యాచ్ (ఆటను మార్చే ఫైళ్ల మూట) ఎక్కించి ఉండాలి, ఏ రోస్టర్‌తో (ఆటగాళ్ల జాబితా ఫైలుతో) నడుస్తుంది, ఇవన్నీ ఉండేది థ్రెడ్‌లో, అంటే ఆ మోడ్ గురించి సైటు ఫోరంలో సాగిన చర్చలో. అదీ మొదటి పోస్టులో ఉంటుందని నమ్మకం లేదు. ఎక్కడో పదిహేనో పేజీలో ఒకడు "క్రాష్ అవుతోంది అన్నా" అంటే, మోడ్ చేసినాయన ఇచ్చిన రెండు లైన్ల జవాబులో ఉంటుంది. కిట్లు ఆట ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్‌లోకి, రోస్టర్ డాక్యుమెంట్స్ లోపలి ఫోల్డర్‌లోకి వెళ్తాయన్న చిన్న సంగతి తెలియకపోయినా మోడ్ పని చేయదు. థ్రెడ్ లేని మోడ్ చచ్చిన ఫైలే రా. రెండూ విడిపోకుండా చూడడమే నీ పని.

మొదట బయటి లింకుల పని పట్టు. సైటు పోయే తేదీ నీకు తెలుసు. మీడియాఫైర్‌లోనో గూగుల్ డ్రైవ్‌లోనో ఉన్న ఫైలు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. పాత థ్రెడ్లలో మెగాఅప్‌లోడ్ లింకు కనిపిస్తే దాని మీద నిమిషం కూడా వృథా చేయకు, అది 2012 జనవరిలోనే పోయింది. ర్యాపిడ్‌షేర్ 2015 మార్చిలో మూతపడింది. డ్రాప్‌బాక్స్ పబ్లిక్ ఫోల్డర్ లింకులు 2017లో పని చేయడం మానేశాయి. ఇలాంటివి కనిపిస్తే ఫైలు పేరు, పోస్టులో రాసిన సైజు మాత్రం ఒక పట్టికలో రాసి పెట్టుకో. ఆ థ్రెడ్‌లో "థాంక్స్, బాగా పని చేస్తోంది" అన్నవాళ్ల పేర్లు కూడా రాసుకో. వాళ్లలో ఎవరి పాత హార్డ్‌డిస్కులోనో అది ఉండొచ్చు. సైటు మూతపడితే వాళ్లను అడిగే దారి కూడా మూసుకుపోతుంది కాబట్టి ఆ మెసేజీలు ఈ వారమే పంపు.

బతికున్న లింకుల్లోనూ చిక్కులున్నాయి. మెగా అన్న ఫైళ్ల సైటు లింకులో హ్యాష్ గుర్తు (#) తర్వాతి భాగంలో తాళంచెవి ఉంటుంది. అది లేకపోతే ఫైలు దిగినా తెరుచుకోదు. ఫోరం సాఫ్ట్‌వేర్ పొడుగు లింకులను మధ్యలో మూడు చుక్కలు పెట్టి కుదించి చూపిస్తుంది, ఆ కనిపించే అక్షరాలను కాపీ చేసుకుంటే తాళంచెవి పోయినట్టే. పేజీ సోర్సులోంచి అసలు లింకు తీసుకో. గూగుల్ డ్రైవ్ పెద్ద ఫైళ్లకు వైరస్ స్కాన్ చేయలేమంటూ మధ్యలో ఒక పేజీ చూపిస్తుంది. ప్రోగ్రాముతో దించితే ఆ పేజీయే జిప్ పేరుతో డిస్కులో కూర్చుంటుంది. పేరు చూసి మోసపోకు. అసలు జిప్ ఫైలు పీ, కే అన్న రెండు అక్షరాలతో మొదలవుతుంది. వంద ఎంబీ ఉండాల్సింది కొన్ని కేబీలే ఉంటే తెరిచి చూడక్కర్లేదు, అది వెబ్ పేజీయే.

తర్వాత ఫోరంలోనే ఉన్న అటాచ్‌మెంట్లు. ఇవి చాలాచోట్ల లాగిన్ అయినవాళ్లకే కనిపిస్తాయి. లాగిన్ లేకుండా క్రాల్ చేస్తే, అంటే ప్రోగ్రాముతో పేజీలన్నీ వరసగా దించితే, థ్రెడ్లన్నీ చక్కగా దిగుతాయి, అటాచ్‌మెంట్ ఉన్నచోట అనుమతి లేదన్న వాక్యం మిగులుతుంది. ఆ సంగతి సైటు పోయాక బయటపడితే చేసేదేం లేదు. అలాగని నీ సొంత అకౌంట్ కుకీ (లాగిన్ అయ్యావని సైటుకు చెప్పే చిన్న గుర్తు) వాడకు. దించినవి దాచే ఆర్కైవ్ ఫైలులో, సైటును అడిగిన రిక్వెస్టులతో పాటు కుకీ కూడా రికార్డవుతుంది, ప్రతి పేజీ మీదా నీ పేరు ముద్ర పడుతుంది. ఈ పనికోసమే ఒక కొత్త అకౌంట్ తెరువు. పని అయ్యాక లాగౌట్ చేసి పాస్‌వర్డ్ మార్చెయ్.

ఇప్పుడు థ్రెడ్లు. మీ ఫోరం పీహెచ్‌పీబీబీ అన్న సాఫ్ట్‌వేర్ మీద నడుస్తోందన్నావు కాబట్టి దాని సంగతే చెబుతాను. మొదటి పేజీ ఇచ్చి లింకులన్నీ పట్టుకుపొమ్మంటే క్రాలర్ ఎప్పటికీ తిరిగిరాదు. ఒకే పోస్టుకు టాపిక్ నంబరుతో ఒక చిరునామా, పోస్టు నంబరుతో ఇంకొకటి, ప్రింట్ పేజీకి మరొకటి ఉంటాయి. కుకీ లేని సందర్శకుడికైతే ప్రతి లింకు చివరా సెషన్ నంబరు తగిలిస్తుంది, దాంతో చూసిన పేజీయే మళ్లీ కొత్తదిలా కనిపిస్తుంది. లాగిన్‌తో వెళ్తే ఇంకో తమాషా: క్రాలర్ లాగౌట్ లింకు కూడా నొక్కేస్తుంది, అక్కణ్నుంచి దిగేదంతా అతిథి పేజీలే.

అందుకే చిరునామాల జాబితా నువ్వే తయారు చేసుకో. టాపిక్ నంబర్లు వరసగా పెరుగుతూ వస్తాయి. అన్నిటికంటే కొత్త థ్రెడ్ నంబరు చూస్తే పై హద్దు తెలుస్తుంది. సాధారణంగా పేజీకి 10 పోస్టులు ఉంటాయి కాబట్టి రెండో పేజీ 10తో, మూడోది 20తో మొదలవుతుంది. మొదటి విడతలో ఒక్కో థ్రెడ్ మొదటి పేజీ మాత్రమే దించి, ఎన్ని పేజీలున్నాయో దాంట్లోంచి లాగి, రెండో విడతలో మిగతావి పెట్టు. డిలీటైన నంబర్ల దగ్గర 404 (పేజీ లేదన్న జవాబు) వస్తుంది, కంగారు పడకు. పోస్ట్ రాసే పేజీలు, వెతికే పేజీలు, సభ్యుల ప్రొఫైళ్లు, ప్రైవేట్ మెసేజీలు జాబితాలో ఉండకూడదు. మొదటివి చెత్త, చివరివి మనవి కావు.

దించడానికి డబ్ల్యూగెట్ అన్న ప్రోగ్రాము చాలు. వార్క్ ఫైలు రాయమని తప్పకుండా చెప్పు. విడి హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీలుగా దాచితే సర్వరు ఏ తేదీన ఏం జవాబిచ్చిందన్న ఆధారం మిగలదు. వార్క్ అంటే రిక్వెస్టు, జవాబు, తేదీ అన్నీ కలిపి దాచే ఐఎస్‌ఓ ప్రమాణం, దాన్ని ఇంకో ఇరవై ఏళ్లకైనా చదివే సాధనాలు ఉంటాయి. ఒక చిన్న మెలిక: సైటంతా నకలు తీసే మిర్రర్ ఆప్షన్ వాడితే అది టైమ్‌స్టాంప్ పోలికను (మారినవే మళ్లీ దించడానికి తేదీలు పోల్చడాన్ని) కూడా కలుపుకుంటుంది. వార్క్‌తో అది కుదరదు, హెచ్చరిక చూపించి దాన్ని పక్కన పెట్టేస్తుంది. జాబితా ఇచ్చి దించేవాడివి, నీకు మిర్రర్ అవసరమే లేదు. పేజీకి కావలసిన బొమ్మలు కూడా తెమ్మని, వేరే సైట్లలో ఉన్న బొమ్మలైనా పర్వాలేదని చెప్పు. మోడ్ స్క్రీన్‌షాట్లు ఎక్కువగా బయటి బొమ్మల సైట్లలోనే ఉంటాయి. 2017లో ఫొటోబకెట్ బయటి సైట్లలో బొమ్మ చూపించడానికి ఏడాదికి 399 డాలర్లు అడిగినప్పుడు, ప్రపంచంలో ఎన్నో ఫోరాల్లో బొమ్మల స్థానంలో అదే హెచ్చరిక వేలాడింది. 2019లో టైనీపిక్ మూతపడింది. ఇంకా బతికున్న బొమ్మలను ఇప్పుడే పట్టుకో. వార్క్ ఫైలు ఒక జీబీ దాటగానే ఇంకోటి మొదలుపెట్టమని కూడా చెప్పు. పాత పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అన్న పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీ ఫైలు ఎక్కదు.

వేగం దగ్గర అత్యాశకు పోకు. లెక్క వేసి చూడు: 50,000 థ్రెడ్లు, సగటున మూడు పేజీలు అనుకుంటే 1,50,000 పేజీలు. సెకనుకొకటి చొప్పున దాదాపు 42 గంటలు. రెండు సెకన్లకొకటి అయితే మూడున్నర రోజులు. బొమ్మలతో ఇంకా పెరుగుతుంది. అయినా రెండు సెకన్లే పెట్టు. అది ఎవరో జేబులోంచి డబ్బు కట్టి నడుపుతున్న చిన్న సర్వరు, నీలాంటివాళ్లు ఇంకో పదిమంది అదే పనిలో ఉంటారు. సర్వరు నుంచి 429 (మరీ ఎక్కువ అడుగుతున్నావు) గానీ 503 (ఇప్పుడు కుదరదు) గానీ వస్తే వెంటనే ఆపి, గంట ఆగి, విరామం రెట్టింపు చెయ్. పట్టుబట్టి కొడితే నీ ఐపీని నిలిపేస్తారు, ఇంతలో పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. మూసివేత తేదీని కూడా పూర్తిగా నమ్మకు. ఆఖరి వారంలో అందరూ మీద పడి సర్వరు నత్తనడక నడుస్తుంది. నీ పని వారం ముందే ముగిసేలా వెనక నుంచి లెక్క కట్టుకో.

ఆ సైటు నడిపేవాళ్లకు మర్యాదగా ఒక మెయిలు కూడా రాయి. "డేటాబేస్ మొత్తం ఇవ్వండి" అని మాత్రం అడగకు. అందులో ఈమెయిళ్లు, ఐపీ చిరునామాలు, పాస్‌వర్డ్ హ్యాష్‌లు, ప్రైవేట్ మెసేజీలు ఉంటాయి, తెలివైనవాళ్లెవరూ ఇవ్వరు. అటాచ్‌మెంట్ల ఫోల్డర్ అడుగు, దానితో పాటు అటాచ్‌మెంట్ల టేబుల్ కూడా అడుగు. ఈ రెండోది మరిచిపోతే పని చెడుతుంది. పీహెచ్‌పీబీబీ ఫైళ్లను అసలు పేరుతో దాచదు. ఎక్స్‌టెన్షన్ కూడా లేని పొడుగాటి అంకెలు, అక్షరాల పేర్లు పెడుతుంది. ఏది ఏ ఫైలో, ఏ పోస్టుదో చెప్పేది ఆ టేబులే. అది లేకపోతే నీ చేతిలో వేల కొద్దీ పేరులేని ఫైళ్లు మిగులుతాయి.

దిగిన మోడ్లను సర్దే పద్ధతి చెబుతాను. ఒక్కో థ్రెడ్‌కు టాపిక్ నంబరు పేరుతో ఒక ఫోల్డర్. ఫైలు పేరు మార్చకు, విప్పి మళ్లీ కుదించకు. లోపలి తేదీలు, ఫోల్డర్ల వరస అన్నీ ఆధారాలే. పక్కన ఒక టెక్స్ట్ ఫైలులో థ్రెడ్ పేరు, చేసినవారి మారుపేరు, పోస్టు తేదీ, లింకు, ఏ ప్యాచ్ మీద నడుస్తుందో, షా-256 విలువ (ఫైలు మారలేదని తేల్చే వేలిముద్ర లాంటిది) రాయి. పార్ట్1, పార్ట్2 అని ముక్కలైన రార్ ఫైళ్లలో ఒక్క ముక్క లేకపోయినా మిగతావి దండగే కాబట్టి వాటిని ముందు సరిచూడు. ప్రతి ఆర్కైవ్‌నూ సెవెన్‌జిప్‌లో టెస్ట్ చెయ్. పాస్‌వర్డ్ అడిగితే అది థ్రెడ్‌లోనే ఎక్కడో ఉంటుంది, లేదా అప్‌లోడ్ చేసిన సైటు పేరే పాస్‌వర్డ్ అయి ఉంటుంది.

విండోస్‌లో చేస్తే ఇంకో ప్రమాదముంది. పాత ప్యాచర్లు, రోస్టర్ ఎడిటర్లు ఈఎక్స్‌ఈ ఫైళ్లు. విండోస్‌లోని యాంటీవైరస్ డిఫెండర్ వాటిని వైరస్ అనుకుని చప్పుడు చేయకుండా క్వారంటైన్‌లోకి తోసేస్తుంది. సాయంత్రం ఉన్న ఫైలు పొద్దున్నకి ఉండదు. లినక్స్‌లో దించుకో, లేదా ఆ ఒక్క ఫోల్డర్‌కు మినహాయింపు ఇచ్చి, అందులోంచి ఏదీ నేరుగా నడపకు. పరీక్షలన్నీ కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ని నడిపే వర్చువల్‌బాక్స్ లోపలే.

దొరకని వాటికి, పాత వెబ్ పేజీల కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్‌లో వెతుకు. అక్కడ చిరునామాలో 14 అంకెల తేదీ ఉంటుంది, దాని వెనకే ఆంగ్లంలో ఐ, డీ అక్షరాలు, ఒక అండర్‌స్కోర్ చేర్చితే పైన పట్టీ లేకుండా అసలు ఫైలు వస్తుంది. పెద్ద జిప్‌లు అక్కడ ఉండే అవకాశం తక్కువ. "పదిహేను సెకన్లు ఆగండి" అని బటన్ చూపించే డౌన్‌లోడ్ పేజీల వెనక ఉన్నవి వాళ్ల క్రాలర్‌కు అందవు.

పంచుకునే ముందు మోడ్‌తో వచ్చే రీడ్‌మీ ఫైలు చదువు. "వేరేచోట అప్‌లోడ్ చేయొద్దు" అని రాసినవాళ్లున్నారు. వాళ్లను అడుగు. జవాబు రాకపోతే ఆ ఫైలును నీ దగ్గర దాచు, బయట పెట్టకు. ఆట అసలు ఈఎక్స్‌ఈని, సీడీ లేకుండా నడిపే క్రాక్‌లను సేకరణలో కలపకు. వాటి వల్ల ఒక్క ఫిర్యాదు వచ్చినా మొత్తం తీసేస్తారు. మిగతాది ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో (వేబ్యాక్ మెషీన్ నడిపేవాళ్ల సైటులో) పెట్టొచ్చు. నువ్వు పెట్టిన వార్క్ ఫైళ్లు వేబ్యాక్ మెషీన్‌లోకి వాటంతటవే చేరవు. దించుకున్నవాళ్లు రీప్లేవెబ్‌పేజ్ అన్న సాధనంలో తెరిచి చూసుకుంటారు. డిస్కు మీద రెండు కాపీలు ఉంచి, వాటిలో ఒకటి అమ్మమ్మ వాళ్లింట్లో పెట్టు.

సైటు ఇంకా బతికుండగానే ఒక పరీక్ష పెట్టు. వర్చువల్ మెషీన్‌లో ఆటను కొత్తగా ఎక్కించి, నెట్ తీసేసి, ఏదో ఒక ఐపీఎల్ ప్యాచ్ ఎంచుకుని, నువ్వు దాచిన థ్రెడ్ చూసి మాత్రమే ఎక్కించు. అలాంటివి ఓ పది చెయ్. ఎక్కడ ఆగిపోతే అక్కడ ఏం దిగలేదో తెలుస్తుంది: ముందు ఉండాల్సిన వేరే ప్యాచ్ కావచ్చు, స్క్రీన్‌షాట్‌లో గుర్తు పెట్టి చూపించిన ఫోల్డర్ కావచ్చు, యూట్యూబ్‌లో పెట్టిన ఇన్‌స్టాల్ వీడియో కావచ్చు. ఆ వీడియోలను జాబితాలో చేర్చడం అందరూ మరిచిపోతారు, వైటీ-డీఎల్‌పీ అన్న ప్రోగ్రాముతో అవి కూడా దించు. లోటు తేలినవి మళ్లీ క్రాల్‌కి పెట్టి, ఆ 404 జాబితా, చచ్చిన లింకుల పట్టిక నాకు పంపించు. నా దగ్గరి పాత డిస్కుల్లో వెతికి చూస్తాను.

ఇట్లు,
మీ బాబాయి