యేల్ తర్వాతి లంకె కోటలోనే ఉంది

ఉగాది క్విజ్ కోసం అల్లుతున్న గొలుసు ప్రశ్నలు ఒకప్పటి మద్రాసు గవర్నరు, అమెరికాలోని యేల్ యూనివర్సిటీకి పేరిచ్చిన ఎలైహూ యేల్ దగ్గర ఆగిపోయాయి, మళ్లీ మద్రాసుకి ఎలా తిప్పాలో తోచట్లేదన్నారు కదండీ. అమెరికా దాకా పోకండి, మద్రాసు సెయింట్ జార్జ్ కోటలోని సెయింట్ మేరీస్ చర్చి చాలు. 1680లో యేల్ పెళ్లి అక్కడే. 1753లో రాబర్ట్ క్లైవ్ పెళ్లీ అక్కడే. అసలు మజా పెళ్లికూతురు మార్గరెట్ మాస్కలిన్ దగ్గరుంది. ఆమె అన్న నెవిల్ తర్వాత ఇంగ్లండులో గ్రీనిచ్ అబ్జర్వేటరీకి, అంటే అక్కడి ఖగోళ పరిశోధనశాలకి, పెద్ద అయ్యాడు. నడిసముద్రంలో ఓడ ఎక్కడుందో చంద్రుణ్ణి చూసి లెక్కగట్టే పట్టికలను 1767 సంవత్సరంతో మొదలుపెట్టి ఏటా వేయించాడు. అక్కణ్ణుంచి మద్రాసులో 1792 నాటి నుంగంబాకం అబ్జర్వేటరీకి దూకేయొచ్చు. ఒకప్పుడు దేశంలో చాలా రైళ్లు నడిచింది అక్కడ లెక్కగట్టిన మద్రాసు టైముకే మరి! క్లైవ్ యుద్ధాల జోలికి మాత్రం వెళ్లకండి, పాఠ్యపుస్తకంలా తయారవుతుంది.