కొడుకు ఫుట్‌బాల్ కోసం ఇంటి మీద అప్పు చేయొచ్చా?

ప్రశ్న: మేం అమెరికాలో ఓహాయోలో ఉంటాం. నాది హెచ్‌1బీ వీసా, గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నాం. ఇక్కడే పుట్టిన మా అబ్బాయిని ఒక చిన్న ప్రైవేటు కాలేజీ కోచ్ తన ఫుట్‌బాల్ టీమ్‌లోకి రమ్మన్నాడు. అది డివిజన్ 3 (కాలేజీ ఆటల పోటీల్లో మూడో శ్రేణి) కాలేజీ. ఏడాదికి 60 వేల డాలర్లు. మెరిట్ కింద 32 వేలు తగ్గించారు. మిగతా 28 వేలు ఏటా హోమ్ ఈక్విటీ లైన్ (ఇంటి తాకట్టు మీద బ్యాంకు ఇచ్చే, కావలసినప్పుడు తీసుకునే అప్పు) నుంచి తీద్దామనుకుంటున్నాను. బాగా ఆడితే రెండో ఏడాది నుంచి స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ వస్తుందని ఆశ. మా నెల ఖర్చు 6,500 డాలర్లు, బ్యాంకులో 8 వేలు ఉన్నాయి. హైదరాబాద్ శివార్లలో ఒక ప్లాట్ ఉంది. నేను చేస్తున్నది సరైనదేనా?

జవాబు: కాదు. కోచ్ ఫోన్ చేశాడన్న సంతోషంలో ఇంటి పత్రాలు పట్టుకుని బ్యాంకుకు వెళ్లే తల్లిదండ్రులు మీరొక్కరే కాదు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు ఆ ఆశ సంగతి. డివిజన్ 3లో స్పోర్ట్స్ స్కాలర్‌షిప్పులు ఉండవు. అది కాలేజీ ఆటలను నడిపే సంఘం ఎన్‌సీఏఏ నిబంధన. మీ అబ్బాయి ఎంత బాగా ఆడినా రెండో ఏడాదీ 28 వేలే, మూడో ఏడాదీ 28 వేలే. ఫీజు పెరగకపోతేనే ఆ లెక్క. నాలుగేళ్లకు లక్షా 12 వేల అప్పు.

మరి కోచ్ ఎందుకు పిలిచాడు? చిన్న కాలేజీలకు ఫుట్‌బాల్ వల్ల టీవీ డబ్బు రాదు, టికెట్ల డబ్బు కోచ్‌ల జీతాలకైనా చాలదు. వాళ్లకు కావలసింది ఫీజు కట్టే విద్యార్థులు. టీమ్ పేరుతో ఏకంగా వందమంది అబ్బాయిలు చేరతారు. వెయ్యిమంది ఉన్న కాలేజీలో అది పదో వంతు! ఈ లెక్కలో మీరిచ్చే 28 వేలే వాళ్ల ఆదాయం. తప్పని అనను, కానీ ఆ లెక్క ప్రతిచోటా నిలబడటం లేదు. మీకు దగ్గర్లోనే, క్లీవ్‌లాండ్ శివారు సౌత్ యూక్లిడ్‌లో, నోటర్ డేమ్ కాలేజీ (ఇండియానాలోని పెద్ద యూనివర్సిటీ కాదు) 2024లో మూతపడింది. అదే ఏడాది అలబామాలో బర్మింగ్‌హామ్ సదరన్, మరుసటి ఏడాది సౌత్ కరోలినాలో లైమ్‌స్టోన్. మూడింటికీ ఫుట్‌బాల్ టీమ్ ఉండేది. లైమ్‌స్టోన్ 1845లో పుట్టిన విద్యాసంస్థ. 2014లో ఫుట్‌బాల్ మొదలుపెట్టింది, 2025లో తాళం వేసింది.

కాలేజీ మూతపడితే, అక్కడ చదువుతున్న విద్యార్థి తన ఫెడరల్ లోన్‌ను (కేంద్ర ప్రభుత్వం ఇచ్చే చదువు అప్పును), షరతులకు లోబడి, రద్దు చేయించుకోవచ్చు. మీ ఇంటి మీద తీసిన అప్పుకు ఆ వెసులుబాటు లేదు. కాలేజీ పోయినా వాయిదా ఆగదు, పైగా వడ్డీ రేటు మారుతూ ఉంటుంది.

ఇక నా అసలు బాధ. ఉద్యోగం పోతే, కొత్తది వెతుక్కోవడానికో దేశం విడవడానికో హెచ్‌1బీ మీద మీకుండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. మీ 8 వేలు 37వ రోజుకే అయిపోతాయి. గడువు ముగిసే దాకా కూడా రావు! లాయర్ ఫీజు, ఇల్లు మారే ఖర్చు, విమాన టికెట్లు నేనింకా కలపలేదు. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా కూడా ఉద్యోగంతోనే పోతుంది. అబ్బాయికి మైదానంలో మోకాలు విరిగితే ముందు చూసేది మీ బీమానే. అంత టెన్షన్‌లో ‘ఈక్విటీ లైన్ ఉందిగా’ అనుకుంటారేమో, మీ ఆదాయం పోయిందని తెలిస్తే బ్యాంకు దాన్ని ఆపేయవచ్చు. ప్లాట్ అంటారా, అవసరమైనప్పుడు రెండు నెలల్లో మంచి ధరకు అమ్ముడైన ప్లాట్ నేనింతవరకు చూడలేదు.

కాబట్టి ఎనిమిది నెలల ఖర్చు, అంటే 52 వేల డాలర్లు, ముందు సేవింగ్స్ ఖాతాలో చేరాలి. అప్పటిదాకా ఈక్విటీ లైన్ ముట్టుకోవద్దు. ఆ ప్లాట్‌ను ఇప్పుడే, తొందర లేనప్పుడే, బేరానికి పెట్టండి.

అబ్బాయి అమెరికా పౌరుడు కాబట్టి ఫాఫ్సా (ప్రభుత్వ విద్యా సాయం కోసం పెట్టే దరఖాస్తు) నింపితే మొదటి ఏడాది 5,500 డాలర్ల దాకా ఫెడరల్ లోన్ అతని పేరు మీదే వస్తుంది. తల్లిదండ్రుల పేరు మీద ప్రభుత్వం ఇచ్చే పేరెంట్ ప్లస్ లోన్ మీ వీసాకు ఎలాగూ రాదు, రానందుకు సంతోషించండి. మీ రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీ ఫీజు కూడా ఒకసారి చూడండి.

అయినా అదే కాలేజీ అంటే, అడ్మిషన్ డిపాజిట్ కట్టే ముందు దాని ఫారం 990 (లాభాపేక్ష లేని సంస్థలు పన్ను శాఖకు ఏటా ఇచ్చే లెక్కల పత్రం) తీసి మూడేళ్ల లోటు చూడండి, అది అందరికీ దొరికే పత్రమే. తర్వాత అడ్మిషన్ ఆఫీసుకు ఒక్క ప్రశ్న రాయండి: అబ్బాయి ఆట మానేస్తే ఆ 32 వేల తగ్గింపు నాలుగేళ్లూ ఉంటుందా? కోచ్ నోటిమాట చాలదు, జవాబు ఆఫీసు ఈమెయిల్‌లోనే రావాలి.