ఎక్కడం అందరూ నేర్పుతారు, దిగడం సంగతి నేను రాస్తున్నా

అంబాజీపేట
మంగళవారం

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మొన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు లడఖ్‌లో లేహ్ వెళ్లి ఖర్దుంగ్ లా కనుమ సైకిల్ మీద ఎక్కుతానంటున్నావట, దానికోసం రోజూ తెల్లారకముందే లేచి రాజమండ్రి వంతెన మీద తొక్కుతున్నావట. చెప్పిందంతా చెప్పి చివర్లో నన్ను తిట్టాడు, చిన్నప్పుడు నీకు సైకిల్ నేర్పింది నేనేనని. తిడితే తిట్టాడు గానీ, మర్నాడు పొద్దున్నే టీ కొట్టు దగ్గర కనిపించిన ప్రతివాడికీ ఈ కబురు నేనే చెప్పి వచ్చాను. పెద్దమ్మకే ఒకటే టెన్షన్. అక్కడి బోర్డు మీద చాలాకాలం 18,380 అడుగులని రాసి ఉండేది, సరిగ్గా కొలిస్తే 17,582 అని తేలింది. ఎనిమిది వందల అడుగులు తగ్గిందిలేవే అన్నా ఆవిడ శాంతించలేదు.

నీ కాళ్ల గురించి నాకు బెంగ లేదు. లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంది, కనుమ 5,359 మీటర్లు. మధ్య దూరం నలభై కిలోమీటర్లు అటూ ఇటూ. లెక్క వేసి చూశాను, సగటున ఇరవై మీటర్లు తొక్కితే ఒక మీటరు పైకి లేస్తావు. మన ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా గోదావరి మొత్తం దిగేది పదిహేను మీటర్లకు మించదు. కాలవ నీళ్లకి ఆ వాలు చాలు, నీ కాళ్లకి చాలదు. అందుకని మనకి కొండ బదులు గాలి ఉంది. నడి వేసవిలో సాయంత్రం పూట వంతెన మీద ఎదురుగాలికి తొక్కి చూడు, పక్కన నడిచేవాళ్లు నిన్ను దాటిపోతారేమో అనిపిస్తుంది. గాలి ఎక్కువగా ఉన్న రోజున మానేసి ఇంట్లో కూర్చోకు, ఆ రోజే బయలుదేరు. చిన్న గేరు వేసి, కూర్చున్న చోటి నుంచి లేవకుండా, పక్కవాడితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా గంటలకు గంటలు తొక్కడం అలవాటు చేసుకో. హెల్మెట్ పెట్టుకో, నీళ్లు తాగు, నిద్ర చెడగొట్టుకోకు. ఇవి నువ్వు ఎలాగూ చేస్తావు, రాయకపోతే పెద్దమ్మ ఊరుకోదు.

గాలి పలచబడటం మాత్రం రాజమండ్రిలో ప్రాక్టీసు చేసేది కాదు. కనుమ మీద మనకి అందే ప్రాణవాయువు ఇక్కడ అందేదాంట్లో సగమే. విమానం దిగగానే సైకిల్ విప్పకు. కనీసం రెండు రోజులు తిని పడుకో, ఆ తర్వాత ఊళ్లో కొంచెం కొంచెం తిరుగు. తలనొప్పీ వాంతులూ మొదలైతే పైకి వెళ్లే మాట మానేసి చెప్పుకో, నలుగురూ నవ్వుతారని దాచిపెట్టకు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, నడక తూలినా అప్పటికప్పుడు కిందకి దిగిపోవడమే మందు. ముందుగా వేసుకునే బిళ్లలు ఏవో ఉంటాయి, అవి వేసుకోవాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాలి, వాట్సాప్‌లో సలహాలిచ్చేవాళ్లు కాదు.

ఇక అసలు సంగతి. మీ నాన్న చెప్పిందాంట్లో అన్నీ ఉన్నాయి. ఎంత బరువు తగ్గావో, గుండె ఎంత కొట్టుకుంటోందో, ఎన్ని కిలోమీటర్లయ్యాయో. దిగడం గురించి ఒక్క ముక్క లేదు. ఎక్కినదంతా దిగాలి కదమ్మా! పైగా అప్పటికి నువ్వు అలిసిపోయి ఉంటావు, చేతులు కొంకర్లు పోయి ఉంటాయి, అయిపోయిందన్న సంబరంలో ఉంటావు. మన డెల్టాలో పుట్టినవాళ్లకి వాలు తెలీదు. మనకి బ్రేకంటే గేదె అడ్డొస్తే నొక్కేది.

నాకు ఏజెన్సీ పోస్టింగ్ పడిన రోజుల్లో, 1970ల చివర, మాతో పాలకొల్లు వైపు మాస్టారు ఒకాయన ఉండేవారు. మంచి బలశాలి. మారేడుమిల్లి నుంచి రంపచోడవరానికి జీతాల రోజున సైకిళ్ల మీద దిగేవాళ్లం. ఆయన సైకిల్‌కి ముందు బ్రేకు ఉండేది కాదు, ఊడదీయించేశారు. "ముందు బ్రేకు పట్టిందంటే బోర్లా పడతాం మాస్టారూ" అనేవారు. మన ఊళ్లలో అందరూ అదే అంటారు, నువ్వూ వినే ఉంటావు. బల్లపరుపు రోడ్డు మీద వెనక బ్రేకుతోనే జీవితాలు గడిచిపోతాయి కాబట్టి ఆ మాట పూర్తిగా నిజం కాదని ఎవరికీ తెలిసే అవసరం రాలేదు.

ఆ రోజు తుంపర పడుతోంది. క్యారియర్ మీద ఇంటికని చింతపండు బస్తా కట్టుకున్నారు. దిగుడులో తొక్కే పని లేదు కదా అని పాట పాడుకుంటూ నా ముందు వెళ్తున్నారు. అప్పటి సైకిళ్లకి చక్రం అంచు ఇనుముది, దానిమీద నికెల్ పూత. అది తడిస్తే బ్రేకు రబ్బరు పట్టదు, జారిపోతుంది. ఉన్న ఒక్క వెనక బ్రేకూ అలా పోయింది. వేగం పెరగడం నాకు కనిపిస్తూనే ఉంది. ముందు పాట ఆగింది. తర్వాత ఆయన కుడికాలు ఎత్తి, చెప్పుతో ముందు టైరుని అదమడం మొదలుపెట్టారు. మలుపు వచ్చింది. ఆయన తిరగలేదు.

కల్వర్టు పక్కన దొరికారు. బస్తా పగిలి చింతపండు రోడ్డంతా పరుచుకుంది. ప్రాణానికి ప్రమాదం లేదు గానీ భుజం దగ్గర ఎముక విరిగింది. నేను చెప్పు కోసం వెతికాను. అడుగున టైరు రాసుకుని వేలు పట్టేంత గాడి పడి ఉంది, ముట్టుకుంటే ఇంకా వెచ్చగానే ఉంది. ఎముక అతుక్కుంది గానీ చెయ్యి ఆ తర్వాత భుజం పైకి లేవలేదు. రిటైరయ్యే దాకా ఆయన నల్లబల్ల కింది సగంలోనే రాసేవారు. వెనక బెంచీ పిల్లలు నిలబడి చూసి రాసుకునేవారు. పై సగం ఎప్పుడూ శుభ్రంగా ఉండేది.

నీ సైకిల్‌కి డిస్క్ బ్రేకులు ఉన్నాయని మీ నాన్న గొప్పగా చెప్పాడు. ఉండనీ. డిస్కు కూడా వేడెక్కుతుంది. కిందదాకా అదిమి పట్టుకునే దిగితే ప్యాడ్లు మాడి పట్టు తగ్గిపోతుంది. మలుపుకి ముందే, సైకిల్ నిటారుగా ఉండగానే, రెండు బ్రేకులూ కలిపి గట్టిగా పట్టి వేగం చంపేయ్. తర్వాత వదిలేసి మలుపు తిరుగు. ముందు బ్రేకే ఎక్కువ ఆపుతుంది, అందుకే పట్టేటప్పుడు సీటు మీద వెనక్కి జరుగు. కంకర మీదా నీళ్ల మీదా మాత్రం ముందు బ్రేకు తేలిగ్గా వాడు. సౌత్ పుల్లు చెక్‌పోస్టు పైన మంచు కరిగి రోడ్డు మీదుగా పారుతుంది, తారు లేచి కంకర తేలిన చోట్లు తగులుతాయి. నీళ్లు పారిన చోటే పొద్దున్నపూట ఐసు ఉంటుంది. మిలటరీ లారీ ఎదురైతే పౌరుషానికి పోకు, ఆగి కొండవైపు నిలబడు. లోయవైపు కాదు.

చేతులు మొద్దుబారితే బ్రేకు ఎంత మంచిదైనా ఒకటే. పైన ఫోటోలు తీసుకున్నాక, దిగకముందే పొడి బనీను వేసుకుని, దానిపైన చొక్కా లోపల గుండె మీదుగా ఒక న్యూస్‌పేపరు మడిచి పెట్టుకో. నవ్వకు, ఏజెన్సీ చలిలో మేం అలాగే దిగేవాళ్లం. మందపాటి గ్లవుజులు సంచి అడుగున కాదు, పైన ఉండాలి. వేళ్లు మాట వినడం లేదనిపిస్తే ఆగు. చంకల్లో పెట్టుకుని వెచ్చబెట్టుకుని అప్పుడు బయలుదేరు. నిన్ను ఎవరూ తరమడం లేదు.

ఇది వంతెన మీద వచ్చే విద్య కాదు. గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి వెళ్లు. అక్కడి నుంచి చింతూరు ఘాట్ దిగు. దిగినదంతా మళ్లీ ఎక్కితేనే గాని తిరిగి రాలేవు కాబట్టి నీ ఎక్కుడు ప్రాక్టీసు కూడా అందులోనే అయిపోతుంది. మొదటిసారి ఖాళీ సైకిల్‌తో, ఆ తర్వాత లేహ్‌లో మోసే బరువంతా కట్టుకుని. వానాకాలం మొదలవకముందే పెట్టుకో. ఒక్కదానివీ వెళ్లకు. ఆడపిల్లవని కాదు, మగాడివైనా ఇదే రాసేవాణ్ణి. ఆ రోజు వెనక నేను లేకపోతే ఆ మాస్టారుని ఎవరు ఎప్పుడు చూసేవారో.

తిండి సంగతి పెద్దమ్మ చూసుకుంటానంది. సున్నుండలు చేస్తోంది. ఎత్తుకి వెళ్లాక ఆకలి చచ్చిపోతుంది, అప్పుడు కొత్త రకం బార్లూ జెల్లులూ గొంతు దిగవు, చిన్నప్పటి నుంచి తిన్నదే దిగుతుంది. ఆకలి వేసేదాకా ఆగకు, గంటకోసారి కొంచెం నోట్లో వేసుకో.

మీ నాన్నతో నేను మాట్లాడతాను. వాడికి భయం ఎక్కువ, వాడి పెళ్లికి ముందు నాకూ తెలీదు ఇంత పిరికివాడని. నీకు అడ్డుచెప్పడులే. కానీ మారేడుమిల్లి వెళ్లి దిగి వచ్చి, నాకు ఫోన్ చేసి చెప్పేదాకా విమానం టిక్కెట్టు కొనకు. బ్రేకు ప్యాడ్లు ఇప్పుడే కొత్తవి వేయించు, ఇంకో జత సంచిలో పెట్టుకో. ఎంతయిందో చెప్పు, డబ్బులు నేను పంపిస్తాను.

ఇట్లు
నీ పెదనాన్న

తా.క. సున్నుండల డబ్బా ఆదివారం మీ నాన్న వచ్చినప్పుడు ఇచ్చి పంపుతాం. దారిలో వాడు తినకుండా చూసుకోమని పెద్దమ్మ రాయమంది.