ఫార్మాట్ వద్దు, ముందు మీ ఫైళ్లు ఏ డ్రైవ్‌లో ఉన్నాయో చూడండి

విండోస్ 10లో ఫైల్ వెతికితే పైన ఆకుపచ్చ గీత పాకుతూనే ఉంటోంది, ఫార్మాట్ కొట్టిస్తే బాగుపడుతుందా అని అడిగారు. బాగుపడదు. నన్నడిగితే అసలు ఈ ఫార్మాట్ల వల్లే మన ఊళ్లో సగం కంప్యూటర్లలో సెర్చ్ పాడైంది.

మాది విశాఖ దొండపర్తిలో డీటీపీ షాపు. 2014లో హుద్‌హుద్ రాకముందు వేసిన శుభలేఖల ఫైళ్లు కూడా ఇంకా ఉన్నాయి, అన్నీ డీ డ్రైవ్‌లోనే. ఎందుకంటే రిపేరుకి వచ్చిన ప్రతి కుర్రాడూ "సీలో ఉంచితే ఎగిరిపోద్ది సార్, డీలో పడేయండి" అనేవాడు. ప్రింటర్ పలక్కపోతే ఫార్మాట్, సౌండ్ రాకపోతే ఫార్మాట్. అదీ కాదంటే సముద్రపు గాలి అనేవాడు. ఉప్పుగాలికి యూఎస్‌బీ పిన్నులు తుప్పు పట్టాయంటే నమ్ముతాను గానీ, సెర్చ్ నెమ్మదించడానికి గాలేం చేసింది?

విండోస్ తనంతట తాను ఇండెక్స్ చేసుకునేది, అంటే త్వరగా వెతకడానికి ముందే జాబితా రాసి పెట్టుకునేది, సీ డ్రైవ్‌లో మన పేరు మీదున్న ఫోల్డర్లనే: డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ లాంటివి. డీ జోలికి పోదు. అక్కడ ఏదైనా వెతికితే ఒక్కో ఫోల్డరూ అప్పటికప్పుడు తెరిచి చూసుకుంటూ పోవాల్సిందే. ఫార్మాట్‌కి భయపడి అందరం సామానంతా డీకి చేర్చాం, సెర్చేమో సీలోనే కూర్చుంది.

మొన్న మాఘమాసం ముహూర్తాల్లో గోపాలపట్నం నుంచి ఒకావిడ వచ్చారు. "ఏటి బాబూ, మా పెద్దమ్మాయి కార్డు మీరే వేశారు కదా. అదే మేటర్ ఉంచేసి పేర్లు మార్చేయండి, చిన్నదానికి" అన్నారు. పాత కార్డు తెచ్చారా అమ్మా అంటే, "ఒకటి దాచాను గానీ ఎక్కడ పెట్టానో" అన్నారు. ఎప్పటిదంటే మనవడికి ఐదో ఏడు నడుస్తోందట. పైన అప్పన్న బొమ్మ ఉంటుందని మాత్రం గట్టిగా చెప్పారు. సింహాచలం పక్కనుండే వాళ్ల కార్డుల్లో అప్పన్న బొమ్మ లేనిది ఏదో చెప్తే వెతకడం సులువయ్యేది!

డీలో 'పెళ్లి' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. ఆకుపచ్చ గీత బయల్దేరింది. ఈలోగా ఆధార్ జిరాక్సుకి ఇద్దరు, ఫ్లెక్సీ ప్రూఫ్ చూసుకోవడానికి ఒకాయన. గీత సగం దాటి అక్కడే ఆగింది. ఆవిడ అరుగు మీద కూర్చుని "ఇంకా తిరుగుతోందా" అని అడుగుతూనే ఉన్నారు.

అప్పుడు కంట్రోల్ ప్యానెల్‌లో ఇండెక్సింగ్ ఆప్షన్స్ తెరిచి చూద్దును కదా, ఇండెక్సింగ్ అసలు నడవడం లేదని రాసుంది. అంతకుముందు బాగుచేసిన కుర్రాడు 'స్పీడ్ పెరుగుద్ది' అని సర్వీసెస్‌లోకి (విండోస్‌లో తెర వెనక నడిచే పనుల జాబితా) వెళ్లి, ఆ ఇండెక్స్ తయారుచేసే విండోస్ సెర్చ్‌ని డిసేబుల్ చేసేసి పోయాడు. యూట్యూబ్‌లో ఎవరో చెప్పారట. దాన్ని ఆపితే సిస్టమ్ పరిగెడుతుందని చెప్పే వాళ్లెవరికీ పాత ఫైలు వెతికే అవసరం వచ్చినట్టు లేదు.

ఆవిడ పని మాత్రం ఎవ్రీథింగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో గట్టెక్కింది. ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైళ్లు సర్దిపెట్టుకునే పద్ధతి) డిస్కుల్లో ఉండే ఫైళ్ల పట్టికనే నేరుగా చదివేస్తుంది కాబట్టి టైపు చేస్తుండగానే పేర్లు వచ్చి పడతాయి. తేదీ వరుసలో పెట్టి, 2019, 20 ఫైళ్లు ఒక్కొక్కటే తెరిచాం. 'పెళ్లి న్యూ ఫైనల్ 2' అనే దాంట్లో దొరికింది. ఆ పేరు పెట్టిన ఆపరేటర్ ఇప్పుడు మా దగ్గర లేడు, బతికిపోయాడు.

తెలుగు పని చేసేవాళ్లకి ఇంకో చిక్కుంది, ఇది ఏ టెక్నీషియనూ చెప్పడు. డీటీపీ షాపుల్లో వాడే అను ఫాంట్లలో కొట్టిన మేటర్ యూనికోడ్ (ఫోన్లలో, నెట్‌లో తెలుగు రాసే పద్ధతి) కాదు. తెర మీద 'సింహాచలం' అని కనబడుతుంది గానీ లోపల ఉండేవి వేరే అక్షరాల కోడ్లు. మీరు యూనికోడ్‌లో సింహాచలం అని ఎంత వెతికినా ఆ ఫైలు రాదు. పేజీలు అమర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ ఫైళ్ల లోపలి మేటర్‌ని విండోస్ మామూలుగా చదవనే చదవదు. అందుకని ఫైలు పేరులోనే ఇంటిపేరు, ఊరు, సంవత్సరం పెట్టుకోవాలి. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లూ అంతే, అవి ఉత్త బొమ్మలు.

ఇక మీ సంగతి. సర్వీసెస్‌లో విండోస్ సెర్చ్ ఆటోమేటిక్‌లో ఉందో లేదో చూడండి. లేకపోతే పెట్టి స్టార్ట్ చేయండి. తర్వాత ఇండెక్సింగ్ ఆప్షన్స్‌లో మోడిఫై నొక్కి, డీలో మీ పని ఫోల్డర్‌కి మాత్రం టిక్ పెట్టండి. డ్రైవ్ మొత్తానికి పెట్టకండి, సినిమాలన్నీ కూడా లెక్కపెట్టుకుంటూ కూర్చుంటుంది. స్టార్ట్ మెనూలో ఏదో కొడితే ఇంటర్నెట్ ఫలితాలు చూపించడం వేరే గోల, దాని గురించి మొదలుపెడితే ఆగను.

మీ ఫైళ్లు ఎక్కడున్నాయో రాయలేదు. డాక్యుమెంట్స్‌లోనే ఉండి కూడా ఆలస్యమవుతుంటే ఇండెక్సింగ్ ఆప్షన్స్‌లోనే అడ్వాన్స్‌డ్‌లో రీబిల్డ్ (ఇండెక్స్‌ని మొదటి నుంచి మళ్లీ కట్టించడం) నొక్కి, రాత్రంతా ఛార్జర్ పెట్టి, స్లీప్‌లోకి పోకుండా వదిలేయండి. పగలు మీరు పని చేసుకుంటున్నంతసేపూ అది తగ్గి నడుస్తుంది, గంట చూసి కాలేదని మళ్లీ రీబిల్డ్ నొక్కితే మొదటికొస్తుంది.