ప్లాన్ పెంచినా పింగ్ ఎందుకు తగ్గదు?

ప్రశ్న: మా ఇంట్లో 40 ఎంబీపీఎస్ కనెక్షన్ ఉండేది. ఆన్‌లైన్ ఆటలో ల్యాగ్, అంటే నొక్కింది ఆలస్యంగా పడటం, వస్తోందని గొడవచేసి, నాన్నను ఒప్పించి 300కి మార్పించాను. స్పీడ్ టెస్ట్‌లో 280 దాకా చూపిస్తోంది కానీ రాత్రి ఆటకి కూర్చుంటే మళ్లీ అదే కథ. ఎదుటివాణ్ని నేనే ముందు చూసి కాల్చినా చచ్చేది నేనే. ఇప్పుడు గేమింగ్ రౌటర్ అడిగితే నాన్న కొట్టేలా ఉన్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు నాన్నగారి దగ్గరికి వెళ్లడం మానేయండి. ఆట వరకే అయితే మీకు 40 కూడా ఎక్కువే. ఆడుతున్నంతసేపూ మీ కంప్యూటర్‌కీ సర్వర్‌కీ మధ్య తిరిగేవి చిన్న చిన్న ప్యాకెట్లు. మీరు ఎక్కడున్నారు, ఎటు తిరిగారు, ఏ బటన్ నొక్కారు, అంతే సమాచారం. చాలా ఆటలకు ఒక ఎంబీపీఎస్ కూడా పట్టదు. 300 పనికొచ్చేది పెద్ద అప్‌డేట్ దిగేటప్పుడు. ఆటలో లెక్కకొచ్చేది ఆ చిన్న ప్యాకెట్ సర్వర్ దాకా వెళ్లి రావడానికి పట్టే టైమ్, దాన్నే పింగ్ అంటున్నాం, లెక్క మిల్లీసెకన్లలో, అంటే సెకనులో వెయ్యో వంతుల్లో. రోడ్డు వెడల్పు చేసినంత మాత్రాన ఊరు దగ్గరకి జరగదు కదా. పైగా ఆ టైమ్ నిలకడగా ఉండాలి. 60 పింగ్ కదలకుండా ఉంటే చెయ్యి దానికి అలవాటు పడిపోతుంది, 25 చూపిస్తూ మధ్యమధ్యలో 200కి ఎగిరే కనెక్షన్‌కి మాత్రం ఏ చెయ్యీ అలవాటు పడదు. ఈ ఎగుడుదిగుళ్లకే జిట్టర్ అని పేరు. మీరు ముందు కాల్చినా చావడం కూడా ఇందుకే: ఎవరు ముందో తేల్చేది సర్వర్, మీ ప్యాకెట్ దారిలో ఉండగానే వాడిది చేరిపోతోంది.

సరే, దొంగ ఎక్కడున్నాడో పట్టుకుందాం. పైసా ఖర్చు లేదు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇంగ్లిష్‌లో పింగ్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, మీ రౌటర్ అడ్రస్, మళ్లీ స్పేస్, ఆ తర్వాత హైఫన్, టి అక్షరం. రౌటర్ అడ్రస్ చాలా ఇళ్లలో 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది, ఐపీకాన్ఫిగ్ అని కొడితే డీఫాల్ట్ గేట్‌వే అన్నచోట కనిపిస్తుంది. చివర హైఫన్ టి లేకపోతే నాలుగుసార్లు చూసి ఆగిపోతుంది, ఉంటే మీరు కంట్రోల్ సి నొక్కేదాకా పంపుతూనే ఉంటుంది. ఇలాంటిదే ఇంకో విండో తెరిచి అందులో రౌటర్ అడ్రస్ బదులు 8.8.8.8 ఇవ్వండి, అది గూగుల్ వాళ్ల సర్వర్. రెండూ పక్కపక్కన పెట్టుకుని, పొద్దున్నే ఖాళీగా ఉన్నప్పుడు కాదు, రాత్రి ల్యాగ్ వచ్చే టైమ్‌లోనే ఓ పది నిమిషాలు చూడండి.

రౌటర్ విండోలో 3, 2, 4, 3 అని పోతూ పోతూ ఉన్నట్టుండి 187, ఆ వెంటనే రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ (జవాబే రాలేదని), మళ్లీ ఏమీ ఎరగనట్టు 3 వస్తే దొంగ ఇంట్లోనే ఉన్నాడు, నెట్ కంపెనీ వాళ్లని తిట్టి లాభం లేదు. రౌటర్ విండో ప్రశాంతంగా ఉండి రెండోదే ఎగురుతుంటే తేడా రౌటర్ దగ్గరో, అది దాటాకో ఉన్నట్టు. అప్పుడు కింది ప్రశ్న చదవండి.

ఇంట్లోనే అని తేలితే మందు ఒక్కటే, కేబుల్. వైఫైలో ఒకే ఛానల్ మీద ఒక టైమ్‌లో ఒకరే మాట్లాడాలి. మీ ఫోన్లు, టీవీ, గోడ అవతల పక్కింటివాళ్ల రౌటర్, అందరి వంతూ అయ్యాక మీ వంతు. మధ్యలో ప్యాకెట్ చెడిపోతే మళ్లీ పంపాలి. కేబుల్‌కి ఈ క్యూలు లేవు, పెట్టగానే రౌటర్ విండోలో అంకె 1 కంటే తక్కువకి వచ్చి అక్కడే కూర్చుంటుంది. క్యాట్ 5ఇ అనే మామూలు రకం నెట్‌వర్క్ కేబుల్ చాలు, 100 మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది. గేమింగ్ కేబుల్, బంగారు పూత అని అమ్మేవాటి జోలికి పోవద్దు. వేసేటప్పుడు మాత్రం గోడ వారగా వేయండి. ఒకసారి నెల రోజుల పాటు కంపెనీ వాళ్లతో ఫోన్‌లో పోట్లాడాను, వాళ్లు మనిషిని పంపారు, బాక్స్ కూడా మార్చారు, ఏం లాభం లేదు. చివరికి చూస్తే కేబుల్ నా కుర్చీ చక్రం కింద నలిగిపోయి ఉంది, ఆటలో టెన్షన్ వచ్చి నేను ముందుకి జరిగినప్పుడల్లా లింక్ తెగుతోంది. సరిగ్గా ఫైట్ మొదలవగానే నెట్ పోతోందని వాళ్ల దగ్గర ఎంత వాదించానో! నిజం ఇప్పటికీ వాళ్లకి చెప్పలేదు.

కేబుల్ లాగడం అసలు కుదరకపోతే రౌటర్ సెట్టింగుల్లో వైఫైకి ఉన్న రెండు బ్యాండ్లలో 5 గిగాహెర్ట్జ్‌కి వేరే పేరు పెట్టి దానికే కనెక్ట్ అవ్వండి. రెండోదైన 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడని ఛానళ్లు 1, 6, 11 మూడే, బ్లూటూత్, మైక్రోవేవ్ అవెన్ కూడా అక్కడే తిరుగుతాయి. 5కి ఉన్న బలహీనత గోడలు. అందుకే రౌటర్‌ని టీవీ వెనక దాచకుండా, మీ కుర్చీలోంచి చూస్తే కనిపించేచోట ఎత్తుగా పెట్టండి.

ప్రశ్న: పగలంతా నా పింగ్ 30. చెల్లి ఇంటికొచ్చి ఫోన్ వైఫైకి కలపగానే 300. అడిగితే ఏమీ చూడట్లేదు, ఫోన్ పక్కన పడేశాను అంటోంది. నమ్మాలా?

జవాబు: నమ్మండి పాపం. ఆ అమ్మాయి పక్కన పడేసిన ఫోన్ పగలంతా తీసిన ఫొటోలు, వీడియోలు బ్యాకప్‌కి పంపుతూ ఉంటుంది. చాలా కనెక్షన్లలో అప్‌లోడ్ సన్నగా ఉంటుంది. రౌటర్‌కి వచ్చిన ప్యాకెట్లు పట్టక లోపల క్యూ కట్టిస్తుంది, మీ చిన్న ప్యాకెట్ వెళ్లి ఆ ఫొటోలన్నిటి వెనక నిలబడుతుంది. పారేయాల్సిన ప్యాకెట్‌ని పారేయకుండా రౌటర్ మొహమాటపడి అన్నిటినీ దాచుకోవడం వల్ల వచ్చే తిప్పలు ఇవి, దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. పైన చెప్పిన 8.8.8.8 విండో తెరిచిపెట్టి, మీరే ఏదో పెద్ద వీడియో అప్‌లోడ్‌కి పెట్టి చూడండి. 30 ఉన్నది 300 అయి, అప్‌లోడ్ ఆపగానే దిగిపోతే అనుమానం అక్కర్లేదు.

దీనికి మంచి పరిష్కారం ఎప్పుడో దొరికింది. క్యాథ్లీన్ నికల్స్, వాన్ జేకబ్సన్ అనే ఇద్దరు 2012లో కోడెల్ అనే పద్ధతి చెప్పారు, ప్యాకెట్ క్యూలో ఎంతసేపు నిలబడిందో చూసి క్యూని అదుపులో పెట్టడం. మీ రౌటర్ సెట్టింగుల్లో ఇలా క్యూని సర్దే ఎస్‌క్యూఎం, ఎఫ్‌క్యూ కోడెల్, కేక్ అనే పేర్లలో ఏదైనా కనిపిస్తుందేమో వెతకండి. కనిపిస్తే ఆన్ చేసి, స్పీడ్ టెస్ట్‌లో వచ్చిన అప్‌లోడ్, డౌన్‌లోడ్ అంకెల్లో 90 శాతం దాకా అక్కడ రాయండి. ఆ పది శాతం వదులుకోవడం ఎందుకంటే, క్యూ కంపెనీ బాక్సులో కాకుండా మీ చేతిలో ఉన్న రౌటర్‌లో కట్టాలి, అప్పుడే దాన్ని సర్దగలరు. గేమింగ్ రౌటర్ అని బయట ఎర్ర లైట్లు పెట్టి అమ్మేవాటిలో ఇది ఉండకపోవచ్చు, మామూలు డబ్బాలో ఉండొచ్చు. కొనాల్సి వస్తే ఈ ఒక్కటీ చూసుకుని కొనండి.

మీ రౌటర్‌లో లేకపోతే చెల్లి ఫోన్ బ్యాకప్‌ని చార్జింగ్ పెట్టినప్పుడే జరిగేలా మార్చండి. అడిగి మార్చండి.

ప్రశ్న: కన్సోల్‌లో నాట్ టైప్ స్ట్రిక్ట్ అని వస్తోంది. ఫ్రెండ్స్ పార్టీలో చేరలేను, చేరినా మాట వినిపించదు. పోర్ట్ ఫార్వర్డింగ్ చేసినా మారలేదు.

జవాబు: ఇది పింగ్ జబ్బు కాదు, బయటివాళ్లు మీ కన్సోల్ దాకా రాలేకపోవడం. నాట్ అంటే ఒకే బయటి అడ్రస్‌ని రౌటర్ ఇంట్లో పరికరాలన్నిటికీ పంచడం, పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే బయటినుంచి వచ్చేవాటిని ఫలానా పరికరానికి పంపమని రౌటర్‌కి మనం చెప్పిపెట్టడం. రౌటర్‌లో యూపీఎన్‌పీ (కన్సోలే రౌటర్‌ని అడిగి దారి తెరిపించుకునే సెట్టింగ్) ఆన్ చేసి కన్సోల్‌ని రీస్టార్ట్ చేస్తే చాలామందికి ఇక్కడే సరిపోతుంది. కాకపోతే రౌటర్ సెట్టింగుల పేజీలో వాన్ ఐపీ, అంటే రౌటర్‌కి బయటి వైపు ఉన్న అడ్రస్, చూడండి. అది 192.168 తోనో 10 తోనో మొదలైతే, చాలావరకు మీ రౌటర్‌కి ముందు కంపెనీ ఇచ్చిన బాక్స్ ఇంకో రౌటర్‌లా పనిచేస్తూ ఉంటుంది, దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే రౌటర్ పని మానేసి నెట్‌ని నేరుగా మీ రౌటర్‌కి దాటించేలా, పెట్టమనండి. 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే కంపెనీ వాళ్లే ఒక అడ్రస్‌ని చాలా ఇళ్లకి పంచుతున్నారు, మీ పోర్ట్ ఫార్వర్డింగ్ అందుకే పనిచేయలేదు. పబ్లిక్ ఐపీ, అంటే మీ ఇంటికే విడిగా ఒక బయటి అడ్రస్, కావాలని అడగడమే దారి.

ప్రశ్న: మా అబ్బాయి గేమ్ బూస్టర్ అని ఏదో యాప్‌కి నెలనెలా డబ్బు కట్టమంటున్నాడు. పింగ్ సగానికి తగ్గుతుందట. డీఎన్ఎస్ కూడా మార్చాడు. నిజమేనా అండీ?

జవాబు: డీఎన్ఎస్ అనేది పేరు చెబితే అడ్రస్ వెతికిపెట్టేది. ఆట సర్వర్‌కి కలిసిపోయాక దానికి పనిలేదు. మార్చినందువల్ల నష్టమేమీ లేదు, వదిలేయండి.

బూస్టర్ సంగతికొస్తే, ఫైబర్‌లో వెలుతురు మిల్లీసెకనుకి సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. సర్వర్ 3000 కిలోమీటర్ల దూరంలో ఉంటే పోయి రావడానికే 30, దారి వంకరగా ఉంటుంది కాబట్టి నిజంలో ఇంకా ఎక్కువ. ఆ 30ని ఏ యాప్ కూడా తగ్గించలేదు. కంపెనీ వాళ్ల దారి మరీ చుట్టు తిరుగుడుగా ఉంటే బూస్టర్ అడ్డదారిలో తీసుకెళ్లడం అప్పుడప్పుడూ నిజమే, కానీ వైఫై తప్పుకి అది ఏమీ చేయలేదు. ముందు ఆటలో దగ్గరి రీజియన్ (సర్వర్ ఉన్న ప్రాంతం) ఎంచుకున్నాడో లేదో చూడమనండి, స్నేహితుల కోసం ఎప్పుడో మార్చి మర్చిపోయి ఉంటాడు. ఆ తర్వాత కూడా పట్టుబడితే ట్రయల్ రోజుల్లో, రాత్రి ఒకే టైమ్‌లో, బూస్టర్ పెట్టి ఓ ఆట, తీసి ఓ ఆట ఆడి పింగ్ అంకెలు కాగితం మీద రాసి మీకు చూపించమనండి. తేడా లేకపోతే ట్రయల్ అయ్యేలోపు కార్డు వివరాలు తీసేయండి.